పత్తి గింజ దాచుకుని మళ్లీ విత్తితే ఏమవుతుంది? బీటీ ప్యాకెట్‌లో కలిపే నాన్-బీటీ గింజలు మోసమా, రక్షణా?

తొలకరి పడిందంటే పల్నాడులో మొదటి మాట విత్తనం గురించే. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, నరసరావుపేట.. ఏ ఊరి విత్తనాల షాపు ముందు చూసినా అదే చర్చ. ఏ కంపెనీ? ఏ రకం? ప్యాకెట్ ఎంత? వీటితో పాటు ప్రతి ఖరీఫ్‌కీ రెండు అనుమానాలు తప్పవు. మన చేలో పండిన గింజనే మళ్లీ విత్తుకుంటే పోలా, ఏటా కొనాల్సిందేనా అన్నది ఒకటి. బీటీ ప్యాకెట్ అని డబ్బు పోసి కొంటే, అందులో కంపెనీ వాళ్లే నాన్-బీటీ గింజలు కలపడం ఏంటన్నది రెండోది.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. హైబ్రిడ్ గింజ లోపల ఏముంది, అది తర్వాతి తరానికి ఎలా పంచుకుపోతుంది అన్నది అర్థమైతే చాలు. ఏ కలుపు పంటను కాపాడుతుంది, ఏ కలుపు రైతును ముంచుతుంది అన్నది తేలిపోతుంది.

పత్తి కూడా నూనె పంటే

పత్తి అనగానే అందరికీ దూదే గుర్తొస్తుంది. కానీ బరువు లెక్క చూస్తే కథ వేరు. 100 కిలోల పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే వచ్చే దూది సుమారు 33 నుంచి 35 కిలోలే. మిగతాదంతా దాదాపు గింజే. ఆ గింజలో 16 నుంచి 20 శాతం వరకూ నూనె ఉంటుంది. దేశంలో తయారయ్యే వంటనూనెల్లో ఆవాలు, సోయా, తవుడు నూనెల వరసలో పత్తి గింజ నూనె కూడా ముఖ్యమైనదే. గాసిపాల్ అనే విష పదార్థాన్ని శుద్ధిలో తీసేశాకే దాన్ని వంటకు వాడతారు. నూనె తీశాక మిగిలిన చెక్క గేదెల దాణాకు పోతుంది.

దేశానికి కావాల్సిన వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తోంది. అందుకే కేంద్రం 2024 అక్టోబర్‌లో రూ.10,103 కోట్లతో నూనెగింజల జాతీయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. అందులో ఆవాలు, వేరుశనగ, సోయా, పొద్దుతిరుగుడు, నువ్వులతో పాటు పత్తి గింజ, తవుడు నుంచి నూనె తీయడం పెంచాలన్న లక్ష్యం కూడా ఉంది. అంటే పల్నాడు రైతు ఏ గింజ విత్తాడన్నది అతని ఒక్కడి లెక్క కాదు. అది వంటింటి దాకా వెళ్లే లెక్క.

హైబ్రిడ్‌కు ఆ జోరు ఎక్కడిది?

ఒక రకాన్ని తరాల తరబడి దానితోనే దాన్ని పరాగ సంపర్కం చేయిస్తూ పోతే మొక్కలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా తయారవుతాయి. దీన్ని లైన్ అంటారు. ప్రతి లైన్‌లో కొన్ని మంచి జన్యువులు, కొన్ని బలహీనమైన జన్యువులు ఉంటాయి. లైన్ ఎంత స్వచ్ఛమైతే ఆ బలహీనతలు అంత బయటపడతాయి. మొక్కజొన్న లాంటి పంటల్లో మొక్క పొట్టిబడిపోతుంది, దిగుబడి తగ్గుతుంది.

ఇలాంటి రెండు వేర్వేరు లైన్లను కలిపితే పుట్టే మొదటి తరం మొక్కకు ప్రతి జన్యువూ రెండు కాపీలుగా వస్తుంది. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. తల్లి వైపు బలహీనత ఉన్న చోట తండ్రి కాపీ ఆదుకుంటుంది. తండ్రి వైపు లోపం ఉంటే తల్లి కాపీ కప్పేస్తుంది. అందుకే పిల్ల మొక్క తల్లిదండ్రులిద్దరినీ మించి ఎదుగుతుంది. దీన్నే హైబ్రిడ్ విగర్ అంటారు, తెలుగులో సంకర తేజం. అమెరికా శాస్త్రవేత్త జార్జ్ షల్ 1908లో మొక్కజొన్న మీద చేసిన పరిశీలనలతో ఈ విషయాన్ని లోకం దృష్టికి తెచ్చారు.

పత్తిలో ఈ పని వ్యాపార స్థాయిలో మొదట చేసి చూపింది మన దేశమే. 1970లో సూరత్ పరిశోధన కేంద్రంలో డాక్టర్ సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్‌ను విడుదల చేశారు. ప్రపంచంలోనే వాణిజ్యపరంగా సాగు చేసిన తొలి పత్తి హైబ్రిడ్ అదే. 1972లో ధార్వాడ్ నుంచి వరలక్ష్మి వచ్చింది. ఆ తర్వాత దేశంలో పత్తి సాగు తీరే మారిపోయింది.

ఈ గింజ తయారీ మాత్రం ఆషామాషీ కాదు. సాయంత్రం పూట ఆడ మొక్కలో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, అందులోని పుప్పొడి భాగాన్ని చేత్తో తీసేయాలి. తెల్లారాక మగ మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడిని అంటించాలి. ఇలా ఒక్కో పువ్వుకూ చేయాలి. కర్నూలు, గద్వాల ప్రాంతాల్లో సీడ్ పత్తి పేరుతో జరిగే సాగు ఇదే. హైబ్రిడ్ విత్తనం ఖరీదు వెనక ఉన్న పెద్ద కారణం ఈ కూలీ ఖర్చే.

రెండో ఏడు ఏం జరుగుతుంది?

హైబ్రిడ్ చేలో కాసిన గింజను దాచి మళ్లీ విత్తితే అది మొలుస్తుంది. పూస్తుంది, కాస్తుంది కూడా. ఇక్కడే చాలామంది పొరబడతారు. మొలిచింది కదా, అదే పంట కదా అనుకుంటారు. కానీ అది అదే పంట కాదు.

మొదటి తరంలో మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. రెండో తరంలో తల్లి, తండ్రి జన్యువులు పేక ముక్కల్లా కలిసిపోయి మళ్లీ పంపకం అవుతాయి. కొన్ని మొక్కలకు కొన్ని చోట్ల రెండు కాపీలూ మంచివే వస్తాయి. కొన్నింటికి రెండూ బలహీనమైనవే వస్తాయి. ఒకదాన్ని ఒకటి ఆదుకునే జోడీలు సగానికి పడిపోతాయి. జోరు కూడా సగటున సగానికి తగ్గుతుంది.

లెక్క కోసం ఇలా అనుకోండి. తల్లి, తండ్రి లైన్ల సగటు దిగుబడి ఎకరాకు 6 క్వింటాళ్లు. వాటిని కలిపిన హైబ్రిడ్ 10 క్వింటాళ్లు ఇస్తోంది. అంటే హైబ్రిడ్ వల్ల వచ్చిన అదనం 4 క్వింటాళ్లు. దాచిన గింజ విత్తితే ఆ అదనంలో సగం, అంటే 2 క్వింటాళ్లు పోతుంది. మిగిలేది 8. మూడో తరానికి అది 7కు దిగుతుంది.

పోయేది దిగుబడి ఒక్కటే కాదు. చేలో మొక్కలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఒకటి ముందు పూస్తుంది, ఒకటి ఆలస్యంగా పూస్తుంది. కాయ సైజు, పింజ పొడవు మొక్కకో తీరుగా ఉంటాయి. పత్తి తీతకు కూలీలు మళ్లీ మళ్లీ రావాలి. పింజ పొడవు కలగాపులగం అయితే మిల్లు దగ్గర రేటు కోస్తారు.

16 మొక్కల్లో ఎన్నింటికి రక్షణ?

బీటీ పత్తిలో ఇంకో చిక్కు ఉంది. దేశంలో 2002లో ఒక జన్యువుతో బీజీ-1కి, 2006లో రెండు జన్యువులతో బీజీ-2కి అనుమతి వచ్చింది. ఇప్పుడు సాగులో ఉన్నవి ఎక్కువగా బీజీ-2 హైబ్రిడ్లే. అందులో క్రై1ఏసీ, క్రై2ఏబీ అనే రెండు ప్రొటీన్లు కాయతొలిచే పురుగుల మీద పనిచేస్తాయి. ఈ జన్యువులు సాధారణంగా హైబ్రిడ్ తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తాయి. అంటే మొదటి తరం మొక్కలో ప్రతి బీటీ జన్యువూ ఒక్కో కాపీయే ఉంటుంది.

ఆ మొక్క గింజను దాచి విత్తితే పంపకం ఇలా ఉంటుంది. ప్రతి 16 మొక్కల్లో సగటున 9 మొక్కలకు రెండు ప్రొటీన్లూ ఉంటాయి. 3 మొక్కలకు మొదటిది ఒక్కటే, ఇంకో 3 మొక్కలకు రెండోది ఒక్కటే ఉంటుంది. ఒక మొక్కకు రెండూ ఉండవు.

రెండూ లేని మొక్క పెద్ద ప్రమాదం కాదు. అసలు ప్రమాదం మధ్యలో ఉన్న ఆ 6 మొక్కల్లోనే ఉంది. రెండు మందులు కలిసి చంపాల్సిన పురుగును అక్కడ ఒక్క మందే ఎదుర్కొంటుంది. అది చాలక బతికిన పురుగు మెల్లగా మందుకు అలవాటు పడుతుంది. అంటే అలాంటి చేను పురుగుకు మెట్టు మెట్టుగా పాఠం చెప్పే బడి అవుతుంది.

గులాబీ రంగు పురుగు విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. ఈ పురుగు తినేది ఆకు కాదు, కాయ లోపలి గింజ. కొన్న మొదటి తరం హైబ్రిడ్ మొక్కకు కాసిన కాయలో ఉన్నవి రెండో తరం గింజలే. అంటే ఒకే కాయలో కొన్ని గింజలకు రెండు ప్రొటీన్లూ, కొన్నింటికి ఒకటే, కొన్నింటికి ఏదీ లేకుండా ఉంటాయి. బీటీ పత్తిని ఎక్కువ దేశాలు సూటి రకాల్లో పండిస్తుంటే, భారత్ మాత్రం దాదాపు మొత్తం హైబ్రిడ్లలోనే పండిస్తోంది. ఇక్కడ గులాబీ పురుగు బీటీని అంత త్వరగా తట్టుకోవడానికి ఇదీ ఒక కారణమని పత్తి శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

వేరుశనగకు ఒక రూలు, ఆముదానికి ఇంకో రూలు

ఇంట్లో గింజ దాచుకోకూడదన్న మాట అన్ని నూనెగింజలకూ వర్తించదు. పంట ఏదన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

వేరుశనగ: ఇది తన పువ్వులోనే తాను ఫలదీకరణ చెందే పంట. ఒక్కో పువ్వు నుంచి వచ్చేది ఒక కాయ, అందులో రెండు మూడు గింజలు. ఇన్ని పువ్వులకు చేత్తో క్రాసింగ్ చేసి విత్తనం తయారు చేస్తే ఖర్చు గిట్టదు. అందుకే మార్కెట్లో వేరుశనగ హైబ్రిడ్ లేదు. కదిరి-6, కదిరి లేపాక్షి లాంటివన్నీ సూటి రకాలే. బాగా ఎండబెట్టి, వేరే రకం కలవకుండా దాచుకుంటే మరుసటి ఏడాదీ అదే రకం, అదే దిగుబడి.

ఆముదం: హైబ్రిడ్లు, సూటి రకాలు రెండూ ఉన్నాయి. ప్రపంచంలో తొలి వాణిజ్య ఆముదం హైబ్రిడ్ జీసీహెచ్-3 గుజరాత్ నుంచి 1968లో వచ్చింది. కృష్ణా నది దాటితే నల్గొండ, ఆ పక్కన పాలమూరు ఆముదానికి పాత ఊళ్లు. అక్కడి పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత, కిరణ్ అనే సూటి రకాలనూ, పీసీహెచ్-111 లాంటి హైబ్రిడ్లనూ ఇచ్చింది. హైబ్రిడ్ ఆముదం విత్తనానికి తల్లిగా దాదాపు అన్నీ ఆడ పువ్వులే ఉండే లైన్‌ను వాడతారు. హైబ్రిడ్ గింజను దాచి విత్తితే ఆ క్రమం చెదిరిపోతుంది. గెలల్లో మగ పువ్వులు ఎక్కువై కాయ తగ్గిన మొక్కలు కనిపిస్తాయి. సూటి రకమైతే దాచుకోవచ్చు. అయితే ఆముదం పుప్పొడి గాలికి ఎగురుతుంది కాబట్టి పక్క చేనుకు దూరంగా, మధ్యలో ఉన్న మంచి మొక్కల నుంచే గింజ తీసుకోవాలి.

పొద్దుతిరుగుడు: దేశంలో తొలి హైబ్రిడ్ బీఎస్‌హెచ్-1 బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి 1980లో వచ్చింది. ఇందులో చేత్తో పుప్పొడి తీసే పని లేదు. పుప్పొడి పుట్టని తల్లి లైన్‌ను వాడతారు, మిగతా పని తేనెటీగలు చేస్తాయి. ఇదీ ఏటా కొనాల్సిన విత్తనమే.

ఆవాలు: పుప్పొడి పుట్టకుండా చేయడానికి జన్యుమార్పిడి పద్ధతి వాడిన డీఎంహెచ్-11 ఆవ హైబ్రిడ్ ఇదే జోరు కోసం తయారైంది. 2022 అక్టోబర్‌లో దాని పర్యావరణ విడుదలకు సిఫార్సు వచ్చింది. 2024 జులై 23న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు దానిపై భిన్నమైన తీర్పులిచ్చారు.

పత్తిలోనూ సూటి రకాలు కొత్త కాదు. 1980ల మధ్యలో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని దెబ్బతీసింది. అప్పట్లో పల్నాడు గుంటూరు జిల్లాలోనే ఉండేది. తెల్లదోమను తట్టుకునేలా గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం కాంచన, ఎల్‌కే-861 లాంటి సూటి రకాలను ఇచ్చింది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పీఏయూ బీటీ-1 పేరుతో బీటీ ఉన్న సూటి రకాన్ని తయారు చేసింది. అందులో బీటీ జన్యువు రెండు కాపీలూ ఉంటాయి కాబట్టి దాచిన గింజకూ రక్షణ తగ్గదు.

ప్యాకెట్‌లో నాన్-బీటీ ఎందుకు?

ఇక రెండో అనుమానం. ఇప్పుడు అమ్ముతున్న 475 గ్రాముల బీజీ-2 ప్యాకెట్‌లో 5 నుంచి 10 శాతం నాన్-బీటీ గింజలు కలిపే ఉంటాయి. అంటే సుమారు 24 నుంచి 47 గ్రాములు. 2025-26 సీజన్‌కు కేంద్రం ఈ ప్యాకెట్‌కు నిర్ణయించిన గరిష్ఠ ధర రూ.901. కలిపింది దొంగచాటుగా కాదు, నిబంధన ప్రకారమే. దీన్ని రెఫ్యూజ్-ఇన్-బ్యాగ్ అంటారు. రెఫ్యూజ్ అంటే ఆశ్రయం. ఎవరికి ఆశ్రయం అంటే పురుగుకే.

పురుగుకు మనమే తిండి పెట్టడం ఏంటన్నది సహజమైన ప్రశ్న. దీనికి జవాబు పురుగు పెళ్లి లెక్కలో ఉంది.

మొదట్లో బీటీని తట్టుకునే పురుగు వేలల్లో ఒకటో రెండో ఉంటాయి. ఊరంతా బీటీయే వేస్తే మామూలు పురుగులన్నీ చస్తాయి. తట్టుకున్న ఆ ఒకటీ అరా మాత్రమే మిగిలి, తమలో తామే జతకడతాయి. వాటి పిల్లలకు తట్టుకునే జన్యువు రెండు కాపీలూ వస్తాయి. ఇక బీటీ వాటిని ఏమీ చేయలేదు.

అదే చేలో కొన్ని నాన్-బీటీ మొక్కలు ఉంటే వాటి మీద మామూలు పురుగులు బతుకుతాయి. తట్టుకున్న పురుగుకు జత దొరికేది ఎక్కువగా ఈ మామూలు పురుగుల్లోంచే. అప్పుడు పిల్లలకు తట్టుకునే జన్యువు ఒక్క కాపీయే వస్తుంది. అలాంటి పిల్లల్లో ఎక్కువ భాగాన్ని బీటీ చంపేయగలదు. కొద్దిపాటి కాయలు పురుగుకు వదిలి, మిగతా చేను మీద బీటీ పని ఎక్కువ కాలం నిలిచేలా చూడటమే ఇందులోని కిటుకు.

మొదట్లో ఈ గింజలను విడిగా ఇచ్చేవారు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్-బీటీ ప్యాకెట్ ఉండేది. చేను చుట్టూ 5 వరసలు గానీ, 20 శాతం విస్తీర్ణంలో గానీ అది వేయాలన్నది నియమం. కానీ పురుగు పడుతుందని తెలిసి ఎవరు వేస్తారు? చాలా చోట్ల ఆ చిన్న ప్యాకెట్ గట్టు మీదే ఉండిపోయింది. దాని బదులు కంది గింజలు ఇచ్చిన రోజులూ ఉన్నాయి. శనగపచ్చ పురుగు కందిని తింటుంది కాబట్టి దాని వరకు అది పనికొస్తుంది. గులాబీ పురుగు బతికేది దాదాపు పత్తి మీదే. దానికి కంది ఆశ్రయం కాదు.

అందుకే ఇప్పుడు గింజలను ప్యాకెట్‌లోనే కలిపేస్తున్నారు. రైతు వేరుగా ఏమీ చేయాల్సిన పనిలేదు. అయితే ఈ కలుపు పనిచేయాలంటే ఒక షరతు ఉంది. కలిపిన నాన్-బీటీ మొక్క ఎత్తు, పూత కాలం, కాయ కాలం బీటీ మొక్కతో సమానంగా ఉండాలి. లేకపోతే మామూలు పురుగులు, తట్టుకున్న పురుగులు ఒకే సమయంలో బయటికి రావు. అప్పుడు జతకట్టడమే ఉండదు. ఇంకో తేడా కూడా ఉంది. గులాబీ పురుగు ఒకే కాయలో ఉండిపోతుంది కాబట్టి దానికి ఈ పద్ధతి సరిపోతుంది. శనగపచ్చ పురుగు మొక్క నుంచి మొక్కకు పాకుతుంది కాబట్టి దానికి అంత బాగా నప్పదు.

చైనాలో అనుకోకుండా బయటపడ్డ నిజం

గింజల కలుపు ఎంత పనిచేస్తుందో చైనా అనుభవం చెబుతుంది. అక్కడ యాంగ్జీ నది లోయలో రైతులు బీటీ, నాన్-బీటీ రకాలను కలిపి తయారైన హైబ్రిడ్‌ను సాగు చేశారు. విత్తనం చౌకగా వస్తుందని రెండో తరం గింజలు వేశారు. అక్కడి బీటీలో జన్యువు ఒక్కటే కాబట్టి, ఆ చేలల్లో నాలుగింట ఒక మొక్కకు బీటీ ఉండదు. ఎవరూ అనుకోకుండానే 25 శాతం ఆశ్రయ మొక్కలు చేనంతా చెల్లాచెదురుగా పరుచుకున్నాయి.

2005 నుంచి 2015 వరకు ఆరు రాష్ట్రాల్లో పురుగులను పరీక్షించిన శాస్త్రవేత్తలు ఫలితాలను 2017లో ప్రకటించారు. మొదటి కొన్నేళ్లు గులాబీ పురుగులో బీటీని తట్టుకునే శక్తి పెరుగుతూ వచ్చింది. రెండో తరం గింజల సాగు పెరిగాక అది తగ్గుముఖం పట్టింది.

వరిలోనూ ఇలాంటి పాఠమే ఉంది. చైనాలోని యునాన్‌లో అగ్గితెగులుకు తొందరగా లొంగే బంక బియ్యం రకాన్ని, తట్టుకునే హైబ్రిడ్ వరి వరసల మధ్య వేశారు. ఆ బంక రకంలో తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2000 సంవత్సరంలో వెలువడ్డాయి.

మరి మనమూ రెండో తరం గింజే వేసుకోవచ్చుగా?

చైనా కథ విన్నాక ఈ ప్రశ్న రావడం ఖాయం. కానీ పల్నాడులో ఆ లెక్క కుదరదు. మూడు కారణాలున్నాయి.

ఒకటి, మన బీజీ-2లో రెండు జన్యువులు ఉన్నాయి. గింజ దాచి వేస్తే రెండూ లేని మొక్క 16లో ఒకటే వస్తుంది. ఒక్క ప్రొటీన్ మాత్రమే ఉండి పురుగును రాటుదేల్చే మొక్కలు 6 వస్తాయి. ఆశ్రయం తక్కువ, ప్రమాదం ఎక్కువ.

రెండు, చైనాలో ఈ కలుపు వచ్చేనాటికి పురుగు ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు. మన దేశంలో బీజీ-1ను తట్టుకున్న గులాబీ పురుగు గుజరాత్‌లో బయటపడినట్టు 2010లోనే ప్రకటన వచ్చింది. 2014-15 నాటికి బీజీ-2ను తట్టుకున్నవీ కనిపించాయి. మామూలు పురుగులు తక్కువైపోయాక కలుపు ఒక్కదాని మీదే ఆధారపడితే లాభం లేదు.

మూడు, ఊళ్లలో లూజుగా అమ్మే గింజ ఏ హైబ్రిడ్ చేనుదో, ఎన్నో తరమో ఎవరికీ తెలియదు. బీజీ-3 అని, గడ్డి మందు తట్టుకుంటుందని చెప్పి అమ్మే పత్తి విత్తనానికి దేశంలో అనుమతే లేదు. అలాంటి గింజకు బిల్లు ఉండదు, లాట్ నంబర్ ఉండదు. పంట పోతే పరిహారం అడగడానికి ఆధారమే ఉండదు.

ఏ కలుపు మేలు, ఏది ముప్పు?

మేలు చేసే కలుపు: ప్యాకెట్‌లో నిబంధన ప్రకారం కలిపిన 5 నుంచి 10 శాతం నాన్-బీటీ గింజలు. వాటిని ఏరి పారేయకూడదు. ఆ మొక్కల్లో పురుగు ముందుగా కనిపిస్తే విత్తనం నకిలీదని వెంటనే అనుకోనక్కర్లేదు.

సర్దుకుపోవచ్చు: ధ్రువీకరించిన హైబ్రిడ్ విత్తనంలోనూ నూటికి నూరు శాతం స్వచ్ఛత ఉండదు. జన్యు స్వచ్ఛతకు కనీస ప్రమాణం పత్తి హైబ్రిడ్‌కు 90 శాతం, ఆముదం హైబ్రిడ్‌కు 85 శాతం. చేలో అక్కడక్కడా తేడా మొక్కలు ఉండటం మామూలే.

ముప్పు తెచ్చే కలుపు: నాలుగు రకాల మిగులు గింజలు ఒకే సంచిలో పోసి విత్తడం. జిన్నింగ్ మిల్లు గింజకు రంగు వేసి ప్యాకెట్ చేసినవి. పాత గింజలో కొత్త గింజ కలిపినవి. ఇక్కడ మొక్కల ఎత్తు, పూత కాలం కలవవు. పురుగుకు నెలల తరబడి తిండి దొరుకుతుంది.

గింజ ఒక్కటే కాపాడదు

ప్యాకెట్‌లో ఎంత సరిగ్గా కలిపినా, ఇప్పటికే అలవాటు పడిన గులాబీ పురుగును అది ఒక్కటే ఆపలేదు. మిగతా పని చేలోనే చేయాలి.

పంట వేసిన 45 రోజుల నుంచి లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగులను లెక్కపెట్టాలి. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టే. విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు 10 శాతం దాటినా, 20 పచ్చి కాయలు కోసి చూస్తే రెండింటిలో బతికిన పురుగు కనిపించినా అదే హెచ్చరిక. గుడ్డి పూలను ఏరి నాశనం చేయాలి.

నీళ్లున్నాయి కదా అని పంటను ఫిబ్రవరి, మార్చి దాకా లాగకూడదు. సాగర్ కుడి కాలువ కింద, బోర్ల కింద ఈ ఆశ ఎక్కువగా ఉంటుంది. చివర్లో వచ్చే ఆ నాలుగు కాయల కోసం ఉంచిన చేనే వచ్చే ఏడాది పురుగుకు పుట్టిల్లు. డిసెంబర్ చివరికో, జనవరి మొదటికో పంట ముగించాలి. మిగిలిన కాయలను మేకలకు, గొర్రెలకు మేపి, కట్టెను రోటవేటర్‌తో ముక్కలు చేసి కలియదున్నాలి. పత్తి కట్టెను ఇంటి దగ్గర వామి వేసి దాచకూడదు.

గింజ కోసం మిల్లుల దగ్గరా జాగ్రత్త కావాలి. గులాబీ పురుగు రెండు గింజలను జంటగా అతికించుకుని లోపలే నిద్రపోతుంది. జిన్నింగ్ మిల్లుల్లో, నూనె మిల్లుల్లో నిల్వ ఉన్న గింజ నుంచి రెక్కల పురుగులు బయటికొచ్చి చుట్టుపక్కల చేలకు చేరతాయి. అందుకే మిల్లు ఆవరణలోనూ బుట్టలు పెట్టాలని, గింజను ఎక్కువ కాలం నిల్వ ఉంచకూడదని శాస్త్రవేత్తలు చెబుతారు.

విత్తనం కొనేటప్పుడు ఇవి మరవొద్దు

* లైసెన్స్ ఉన్న షాపులోనే కొనాలి. రకం పేరు, లాట్ నంబర్, గడువు తేదీ రాసిన బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి.
* ప్యాకెట్ మీద నాన్-బీటీ శాతం, మొలక శాతం రాసి ఉందో లేదో చూడాలి.
* ఖాళీ ప్యాకెట్, బిల్లు, గుప్పెడు గింజలు పంట అమ్మేదాకా దాచాలి. తేడా వస్తే ఫిర్యాదుకు అవే సాక్ష్యం.
* మొలక సరిగా రాకపోయినా, చేనంతా ఎగుడుదిగుడుగా ఉన్నా ఆలస్యం చేయకుండా రైతు సేవా కేంద్రంలోనూ, మండల వ్యవసాయ అధికారికీ రాతపూర్వకంగా చెప్పాలి. పంట తీసేశాక చెబితే రుజువు చేయడం కష్టం.
* గింజ దాచుకోవాలనుకుంటే వేరుశనగ, నువ్వు, సూటి రకం ఆముదం లాంటి పంటల్లో దాచుకోవచ్చు. హైబ్రిడ్ పత్తి, హైబ్రిడ్ ఆముదం, హైబ్రిడ్ పొద్దుతిరుగుడు గింజలను మాత్రం నూనెకో, దాణాకో అమ్ముకోవడమే మేలు.

ఎకరా పత్తికి దుక్కి, ఎరువు, మందులు, కూలీ.. అన్నీ కలిపి పెట్టే పెట్టుబడిలో విత్తనం వాటా చిన్నది. ఆ చిన్న ఖర్చు మిగిలిందని దాచిన గింజ వేస్తే, ముప్పులో పడేది మిగతా పెట్టుబడి. ప్యాకెట్‌లో ఉన్న ఆ గుప్పెడు నాన్-బీటీ గింజలు మాత్రం రైతుకు నష్టం కాదు. అవి ఊరి పత్తి మొత్తానికి కట్టిన చిన్న బీమా లాంటివి.